డోవెల్ అబద్ధాలకోరా, అమాయకుడా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఫోర్డ్ మ్యాడక్స్ ఫోర్డ్ నవల ‘ద గుడ్ సోల్జర్’ (1915) మొదటిసారి చదివి ముగించారు. కథ చెప్పే జాన్ డోవెల్ ఒక పేజీలో అన్న మాటను మరో పేజీలో కాదంటాడు. తేదీలు సరిగా కలవవు. తన భార్య, తన స్నేహితుడు తొమ్మిదేళ్లపాటు నడిపిన వ్యవహారం కళ్ల ముందే ఉన్నా తనకేమీ తెలియదంటాడు. అబద్ధమాడుతున్నాడా, నిజంగానే అంత అమాయకుడా అని మీరు అడిగారు. అతణ్ణి నమ్మలేనప్పుడు అసలు జరిగిందేమిటో పాఠకుడికి ఎలా తెలుస్తుంది అని కూడా అడిగారు.

ఈ నవలను విద్యార్థులకు చాలాకాలంగా చెబుతున్నాను. తరగతిలో ఎప్పుడూ ఈ రెండు వర్గాలే తేలతాయి: ఒక వర్గం అతణ్ణి మోసగాడంటుంది, రెండోది చవట అంటుంది. నాకు రెండూ తప్పుగానే తోస్తాయి. డోవెల్ సంగతులు దాచడు. ఆలస్యంగానైనా, తడబడుతూనైనా దాదాపు అన్నీ బయటపెడతాడు. ఆ సంగతులు తనకు అప్పుడే తెలుసన్న ఒక్క విషయాన్ని మాత్రం దాస్తాడు. మన దగ్గరే కాదు, తన దగ్గర కూడా. తెలుసుకుంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది, ఏమీ చేయడం ఇష్టం లేని మనిషి అతడు. ఆ కోణంలో చదివితే మీరు చెప్పిన వైరుధ్యాలలో చాలా భాగం చిక్కుముళ్లుగా కనిపించవు.

చదవనివారి కోసం కథ నాలుగు మాటల్లో. డోవెల్, ఫ్లోరెన్స్ డబ్బున్న అమెరికన్ దంపతులు. కెప్టెన్ ఎడ్వర్డ్ ఆష్‌బర్నమ్ ఇంగ్లండులో ఎస్టేటు ఉన్న సైనికాధికారి, అతని భార్య లియొనోరా ఐర్లండుకు చెందిన క్యాథలిక్. జర్మనీలో గుండె జబ్బుల వాళ్లు స్నానాల కోసం వెళ్లే నౌహైమ్ అనే ఊళ్లో 1904లో ఈ రెండు జంటలకూ స్నేహం కుదురుతుంది, ఏటా అక్కడే కలుసుకుంటారు. ఎడ్వర్డ్‌కూ ఫ్లోరెన్స్‌కూ సంబంధం ఉంది, లియొనోరాకు ఆ సంగతి తెలుసు. 1913లో ఫ్లోరెన్స్ చనిపోతుంది, కొంతకాలానికి ఎడ్వర్డ్ ఆత్మహత్య చేసుకుంటాడు. ఆష్‌బర్నమ్‌ల ఇంట్లో పెరిగిన నాన్సీ రఫర్డ్ అనే యువతికి మతి చలిస్తుంది. గుండె జబ్బుల ఊరు అన్నానుగానీ, ఎడ్వర్డ్‌ది నటన, ఫ్లోరెన్స్‌దీ నటనే. నిజంగా గుండె బలహీనంగా ఉన్నది మేసీ మైడన్ అనే చిన్న వయసు వివాహితకు. ఆమె వెంట ఉండడానికే ఎడ్వర్డ్ గుండె జబ్బు నటించి బర్మా నుంచి వచ్చాడు. మొదట చనిపోయేది ఆమే.

నమ్మదగని కథకుడు అన్న పారిభాషిక పదాన్ని అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో ప్రచారంలోకి తెచ్చాడు, అంటే ఈ నవల వచ్చిన 46 ఏళ్లకు. ఆ పదం వచ్చాక చాలామంది దాన్ని సాక్షి విచారణలా వాడడం మొదలుపెట్టారు. సాక్షి చెప్పినదాంట్లో ఏది తప్పో పట్టుకుంటే పని అయిపోయిందనుకుంటారు. బూత్ ఉద్దేశం అంత ఇరుకైనది కాదు. కథకుడి విలువలకూ, మొత్తం రచన మనకు సూచించే విలువలకూ మధ్య ఎంత దూరం ఉందన్నది అతని ప్రశ్న. డోవెల్ విషయంలో ఈ తేడా ముఖ్యం. సంఘటనల విషయంలో అతడు ఎక్కువగా నమ్మదగినవాడే. వాటి మీద అతని తీర్పులు, అంతకన్నా ముఖ్యంగా తన గురించి తాను ఇచ్చుకునే సాక్ష్యం, నిలబడవు.

మాటల్లో చెబితే ఇది గాలిలో తేలుతుంది కాబట్టి ఒక సన్నివేశం తీసుకుందాం. మొదటి భాగంలో నలుగురూ కలిసి రైల్లో ఒక పాత కోట చూడబోతారు. ఊరి పేరు కూడా చెప్పడు, ఒక అక్షరంతో సరిపెడతాడు. దారిలో కిటికీలోంచి ఒక దృశ్యం: గోధుమరంగు ఆవు ఒకటి నలుపు తెలుపు ఆవు కడుపు కింద కొమ్ములు పెట్టి ఎత్తి సన్నని కాలువలో పడేస్తుంది. డోవెల్ పకపకా నవ్వుతాడు. ఆ జంతువు మీద జాలి పడాల్సిందేమో, కానీ పడలేదు, సరదాగా గడపడానికి వచ్చాను కదా అంటాడు. రోజంతా అది తలచుకుని నవ్వుకున్నానని కూడా చెబుతాడు. ఒకరు మరొకరిని ఎత్తి నీళ్లలో పడేయబోతున్న రోజున అతని కంట పడి మనసులో నిలిచిన దృశ్యం ఇదే. యాదృచ్ఛికం అంటారా? కథకుడికి యాదృచ్ఛికమే కావచ్చు, రచయితకు మాత్రం కాదు.

కోటలో ఫ్లోరెన్స్ గైడు అవతారమెత్తుతుంది. క్యాథలిక్ చర్చిని ఎదిరించి చీలిన లూథర్ కాలపు ప్రొటెస్టెంట్ల పత్రం ఒకటి గాజు పెట్టెలో ఉంటుంది. దాన్ని చూపిస్తూ, మీరంతా నిజాయితీగా, శుభ్రంగా, కష్టపడి బతుకుతున్నారంటే ఈ కాగితం వల్లే అన్న ధోరణిలో మాట్లాడి, ఎడ్వర్డ్ మణికట్టు మీద ఒక వేలు ఆనిస్తుంది. అంతే, ఒక్క వేలు. డోవెల్‌కు ఆ క్షణాన ఏదో ద్రోహం, ఏదో కీడు గాలిలో ఉన్నట్టనిపిస్తుంది. లియొనోరా అతని చేయి పట్టుకుని బయటికి లాక్కెళుతుంది. ఏం జరుగుతోందో మీకు కనిపించడం లేదా అని అడుగుతుంది. అతడు బెదిరిపోతాడు. లేదు, ఏమైంది, అసలేమైంది అంటాడు. ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసి, కాసేపు తనను తాను సంబాళించుకుని, నేను ఐరిష్ క్యాథలిక్‌నని మీకు తెలియదా అంటుంది.

తర్వాతి అధ్యాయం మొదట్లోనే డోవెల్ ఒక విచిత్రమైన మాట అంటాడు: తన జీవితంలో ఇంతటి ఉపశమనం మరెన్నడూ కలగలేదట. ఏమీ తెలియని మనిషికి దేని నుంచి ఉపశమనం? ఆ ప్రశ్నకు జవాబు కూడా తానే ఇస్తాడు. లియొనోరా గనుక తన ఆవేశానికి కారణం ఫ్లోరెన్స్ మీద అసూయ అని చెప్పి ఉంటే, తాను ఫ్లోరెన్స్ మీద పిచ్చికోపంతో విరుచుకుపడి ఉండేవాణ్ణంటాడు. అసూయకైతే మందు లేదు, మతం మీద విసిరిన ఎగతాళి మాటకైతే క్షమాపణ చెబితే సరిపోతుంది. రెండు నిమిషాల్లో ఆ పని పూర్తిచేశానని నిశ్చింతగా చెబుతాడు.

ఇక్కడ అబద్ధమేమీ లేదని గమనించండి. వేలు చూశాడు. కీడు పసిగట్టాడు. అనుమానం వచ్చిందని ఒప్పుకున్నాడు. లియొనోరా తలుపు కొంచెం తెరిచింది, లోపల ఏముందో ఇద్దరికీ తెలుసు. ఆమె జాలిపడి ఆ తలుపు మళ్లీ వేసింది, ఇతడు కృతజ్ఞతతో గడియ పెట్టుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు గడిచాయి. ఈ రెండు పేజీలు నిదానంగా చదివినవారు డోవెల్ అమాయకుడన్న వాదన చేయలేరు. అదే సమయంలో, ఇంత ఒప్పుకోలు మన చేతిలో పెట్టినవాణ్ణి అబద్ధాలకోరు అనడమూ కుదరదు. తన వాక్యాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేని మనిషి, లేదా చూసుకోదలచని మనిషి. ఆ పని ఫోర్డ్ మనకు వదిలాడు.

ఏమీ తెలియనట్టు ఉండడం వల్ల అతనికి ఒరిగేదేమిటి? పెళ్లి సంగతి చూడండి. నిచ్చెన వేసి ఫ్లోరెన్స్‌ను లేవదీసుకుపోయి ఓడ ఎక్కించాడు. సముద్రంలో తుఫాను వచ్చింది, ఆమెకు గుండె జబ్బు పైకొచ్చింది. అప్పటినుంచి ఉద్రేకం కలిగించే ఏ పనీ చేయకూడదని నిబంధన. ఆమె పడకగదికి రాత్రి లోపలి నుంచి తాళం. పిలిస్తే పలకకపోతే తలుపు పగలగొట్టడానికి డోవెల్ దగ్గర ఒక గొడ్డలి. భార్య గది బయట గొడ్డలితో కాపలా కాసే భర్త! అతనికే తర్వాత ఆ గొడ్డలి తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. పన్నెండేళ్లు అతడు భర్త కాడు, నర్సు. ఉద్యోగం లేదు, వృత్తి లేదు, సంపాదించాల్సిన అవసరం లేదు. రోగిని చూసుకోవడమనే పని అతనికో స్థానం, ఒక దినచర్య, మంచివాడన్న పేరు ఇచ్చింది. ఫ్లోరెన్స్ గుండె నిక్షేపంగా ఉందని ఒప్పుకుంటే ఆ పన్నెండేళ్లూ ఏమైపోవాలి?

అలాగని అతడు మెత్తని మనిషేమీ కాదు, ఇది చాలామంది దాటేసే చోటు. లేచిపోయే సమయంలో జూలియస్ అనే ముసలి నల్లజాతి సేవకుడు ఫ్లోరెన్స్ మందులున్న తోలు సంచీ జారవిడుస్తాడు. డోవెల్ అతణ్ణి కొడతాడు, కన్ను నల్లబడేలా. తన కుటుంబాన్ని ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని ఉన్న మనిషిని. అది కళ్లారా చూసిన ఫ్లోరెన్స్, తన పాత సంబంధం బయటపడితే ఇతడు తనను చంపేస్తాడని భయపడిందనీ, ఆమె నాటకానికంతటికీ మూలం ఆ భయమేననీ డోవెల్ చెబుతాడు. సౌమ్యుడినని చెప్పుకునే మనిషి, తన భార్య తనకు భయపడి పన్నెండేళ్లు తలుపు వేసుకుందని యథాలాపంగా ఒక పేరాలో చెప్పేసి ముందుకు పోతాడు. ఈ కథను ద్రోహానికి గురైన భర్త కథగా మాత్రమే చదివితే ఆ పేరాకు చోటే ఉండదు.

ఫ్లోరెన్స్ చావు దగ్గరకు వస్తే ఇదే పద్ధతి మరింత గట్టిగా కనిపిస్తుంది. ఎడ్వర్డ్ నాన్సీతో చెప్పుకుంటున్న ప్రేమ మాటలు ఆమె చాటుగా విని హోటల్‌కు పరుగెత్తుకొస్తుంది. అక్కడ డోవెల్ పక్కన కూర్చున్న బాగ్‌షా అనే ఆయన ఆమెను గుర్తుపట్టి, పెళ్లికి ముందు ఆమె తెల్లవారుజామున జిమ్మీ అనేవాడి గదిలోంచి బయటికి రావడం చూశానని బయటపెడతాడు. ఆమె గదికి పోయి మంచం మీద పడుకుంటుంది. చేతిలో చిన్న సీసా. గుండె మందు అనుకున్నాను అంటాడు డోవెల్, అది ప్రూసిక్ యాసిడ్, ఘోరమైన విషం. ఆత్మహత్య అన్న ఆలోచనే తనకు రాలేదనీ, ఎడ్వర్డ్ అంత్యక్రియలు అయ్యాక లియొనోరా మాటల మధ్యలో అంటే తెలిసిందనీ అతని వాదన. బాగ్‌షా మాటలు అతని చెవిన పడ్డాయి, భార్య తెల్లబోయిన ముఖంతో పరుగెత్తడం కళ్లతో చూశాడు. మరి ఆ తర్వాత రెండు గంటలకు అతని నోట వచ్చిన మొదటి మాట ఏమిటి? ఇక నేను ఆ అమ్మాయిని పెళ్లి చేసుకోవచ్చు. ఆ అమ్మాయి నాన్సీ. ఆ మాట అన్నట్టు తనకు గుర్తు లేదు, లియొనోరా చెబితే తెలిసింది. నాన్సీ మీద తనకు అలాంటి ఆలోచన ఉన్నట్టే తనకు తెలియదంటాడు. ఒక మనిషిలో ఇద్దరుంటారు, ఒకరి సంగతి మరొకరికి తెలియదు అన్న వివరణ ఒకటి అందిస్తాడు. నేనైతే ఆ వివరణను నమ్ముతాను. కాకపోతే ఆ ఇద్దరిలో ఒకడు రెండోవాడికి ఎంత సౌకర్యంగా పనికొస్తున్నాడో కూడా చూస్తాను.

ఇక తేదీల గొడవ. ఆగస్టు 4 ఈ నవలలో తిరిగి తిరిగి వస్తుంది: ఫ్లోరెన్స్ పుట్టినరోజు, ఆమె ప్రపంచయాత్రకు బయల్దేరిన రోజు, జిమ్మీకి లొంగిన రోజు, పెళ్లి, మేసీ మైడన్ మరణం, చివరికి ఫ్లోరెన్స్ సొంత మరణం. 1914లో బ్రిటన్ యుద్ధంలోకి దిగింది కూడా ఆగస్టు 4నే. ఫోర్డ్ ఇది ముందే రాశాడా, యుద్ధం మొదలయ్యాక దిద్దాడా అన్నది విమర్శకుల్లో పాత చర్చ. ‘బ్లాస్ట్’ పత్రికలో నవల ఆరంభం 1914 వేసవిలోనే అచ్చయింది, కానీ ఆ ఒక్క సంగతితో చర్చ తేలదు. రెండు జంటలూ మొదట కలిసింది 1904 ఆగస్టులో అని ఒకచోట ఉంటుంది. కలిసి, స్నేహం చిక్కబడి, కోటకు వెళ్లివచ్చి, మేసీ చనిపోవడం అంతా అదే ఆగస్టు 4 నాటికి అయిపోవాలి. లెక్క కుదరదు. దీన్ని పట్టుకుని డోవెల్ కుట్రపూరితంగా తేదీలు కల్పిస్తున్నాడని సిద్ధాంతాలు కట్టినవారున్నారు. నా అభిప్రాయం వేరు. ఒక తేదీని అన్ని దుర్ఘటనలకూ తగిలించాలన్న ఆరాటం డోవెల్‌ది, తన చేతకానితనాన్ని విధి మీదకు నెట్టడానికి అది బాగా పనికొస్తుంది. రోజులు సరిపోకపోవడం మాత్రం చాలావరకు ఫోర్డ్ అజాగ్రత్త. గొప్ప నవలల్లో కూడా పొరపాట్లుంటాయి, ప్రతి పొరపాటునూ కథకుడి ఖాతాలో వేస్తే ఏ పుస్తకాన్నైనా ఏ రకంగానైనా చదవవచ్చు.

ముందువెనుకలుగా చెప్పడం మాత్రం అజాగ్రత్త కాదు. ఫోర్డ్, నవలాకారుడు జోసెఫ్ కాన్రాడ్ కలిసి పనిచేశారు, 1901లో, 1903లో ఉమ్మడి నవలలు తెచ్చారు. ఒక మనిషి మనకు పుట్టుక నుంచి వరసగా పరిచయం కాడు, ముందు ఒక బలమైన ముద్ర పడుతుంది, తర్వాత వెనక్కీ ముందుకూ పోతూ అతణ్ణి తెలుసుకుంటాం, నవల కూడా అలాగే నడవాలి అని వాళ్లు అనుకున్నారు. కాన్రాడ్ పోయాక 1924లో రాసిన జ్ఞాపకాల పుస్తకంలో ఫోర్డ్ ఈ సంగతి వివరించాడు. డోవెల్ కూడా తన పద్ధతి ముందే చెబుతాడు: పల్లెటూరి ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని, ఎదురుగా సానుభూతిగల మనిషికి మెల్లగా చెప్పుకుంటున్నట్టు ఊహించుకుంటానని. అలా చెప్పేవాడు గుర్తొచ్చినప్పుడు గుర్తొచ్చింది చెబుతాడు. కానీ ఏది ఎప్పుడు గుర్తొస్తుందన్నది యాదృచ్ఛికం కాదు.

దీనికి ఒక సంగతి కలపాలి. చాలామంది డోవెల్ అంతా తెలిశాక ఒక్క బిగిన కూర్చుని కథ చెబుతున్నాడనుకుంటారు. కాదు. నాలుగో భాగంలో, గత అధ్యాయం చివరి మాటలు రాసి పద్దెనిమిది నెలలయిందని అతడే చెబుతాడు. ఆ మధ్యలో సిలోను వెళ్లి మతి చలించిన నాన్సీని వెంటబెట్టుకొచ్చాడు, లియొనోరా దగ్గర ఆష్‌బర్నమ్‌ల ఇల్లు కొన్నాడు, లియొనోరా మరొకరిని పెళ్లి చేసుకుంది. అంటే మొదట్లో మాట్లాడే డోవెల్, చివర మాట్లాడే డోవెల్ ఒకే స్థితిలో లేరు. మొదట్లో లియొనోరా పట్ల ఉన్న ఆరాధన చివరికి దాదాపు ద్వేషంగా మారుతుంది. తన భార్యతో సంబంధం నడిపిన ఎడ్వర్డ్ మాత్రం అతని దృష్టిలో పైకి లేస్తాడు, అతణ్ణి ప్రేమించాను, ఎందుకంటే అతడు నేనే అనేంత దాకా. మీరు పట్టుకున్న వైరుధ్యాలలో కొన్ని నిజానికి వైరుధ్యాలు కావు, ఒకే మనిషి రెండు కాలాల్లో ఇచ్చిన తీర్పులు. పాతదాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచాడు, అంతే.

ఎడ్వర్డ్ చావును ఎక్కడ పెట్టాడో చూడండి. కథ ముగిసిందనుకున్నాక, అరె, ఎడ్వర్డ్ ఎలా చనిపోయాడో చెప్పడం మరిచిపోయాను అంటాడు. ఇద్దరూ గుర్రాల కొట్టంలో ఉంటారు. ఆ ఇల్లు వదిలి దూరప్రయాణంలో ఉన్న నాన్సీ నుంచి, ఇటలీ రేవు బ్రిండిసి నుంచి టెలిగ్రాం వస్తుంది: బ్రిండిసి చేరాను, హాయిగా ఉన్నాను అని. ఎడ్వర్డ్ చదివి డోవెల్‌కు ఇస్తాడు. జేబులోంచి చిన్న చాకు తీస్తాడు, పెన్సిళ్లు చెక్కుకునేంత చిన్నది. ఏమి చేయబోతున్నాడో డోవెల్‌కు అర్థమవుతుంది. ఇతడు అడ్డుపడబోవడం లేదని గ్రహించగానే ఎడ్వర్డ్ కళ్లు మెత్తబడి దాదాపు ఆప్యాయంగా మారాయని మనకు చెబుతాడు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి అనాలనిపించిందట, ఇంగ్లిషు మర్యాదకు అది బాగుండదేమోనని అనలేదట. టెలిగ్రాం పట్టుకుని లియొనోరా దగ్గరకు వెళ్లిపోతాడు. ఆమెకు అది చూసి సంతోషం కలుగుతుంది. నవల అక్కడితో ఆగిపోతుంది. కోటలో చూసి చూడనట్టు ఊరుకున్న మనిషి ఇక్కడ మొదటిసారి చూశానని ఒప్పుకుంటాడు, చూసి కూడా కదలలేదని ఒప్పుకుంటాడు. ఇన్ని వందల పేజీలు నాకు తెలియదు, నాకు తెలియదు అంటూ వచ్చినవాడికి ఈ ఒక్కసారి ఆ మాట అందుబాటులో లేదు. అందుకే దీన్ని చివరిదాకా తోసుకొచ్చాడని నా నమ్మకం.

పేరు గురించి చిన్న ముచ్చట. ఫోర్డ్ పెట్టిన పేరు ‘ద శాడెస్ట్ స్టోరీ’. యుద్ధకాలంలో అంత విషాదమైన పేరుతో పుస్తకం అమ్మలేనని ప్రచురణకర్త జాన్ లేన్ గోల పెడితే, విసుగ్గా వెటకారానికి ‘ద గుడ్ సోల్జర్’ అని పంపాడు, అదే ఖాయమైంది. ఈ సంగతి 1927 నాటి ముందుమాటలో తానే చెప్పాడు. ఫోర్డ్ జ్ఞాపకాల మీద కూడా కొంచెం ఉప్పు చల్లుకుని చదవాలి, అది వేరే విషయం.

డోవెల్ హంతకుడు, ఫ్లోరెన్స్‌నూ ఎడ్వర్డ్‌నూ ఆస్తి కోసం అతడే చంపాడన్న వాదన కూడా మీకు ఎక్కడో ఎదురవుతుంది. తెలివైన వాదనే, సరదాగా ఉంటుంది. డబ్బు, ఇల్లు, అమ్మాయి మూడూ చివరికి అతనికే దక్కాయి కదా అంటారు. కానీ అలా చదివితే చాకు సన్నివేశం చప్పబడిపోతుంది. చంపినవాడికి దాచడానికి పనికొచ్చే సాకు కావాలి. ఊరికే నిలబడ్డవాడికి అంతకన్నా కష్టమైన పని ఉంది, తాను నిలబడిన తీరును మర్యాదగా వర్ణించుకోవాలి. డోవెల్ వాక్యాలు రెండో పనికే సరిపోతాయి.

మీ రెండో ప్రశ్నకు వస్తే, జరిగింది తెలిసే దారి ఒకటుంది. మళ్లీ చదివేటప్పుడు ప్రతి సన్నివేశం దగ్గరా ఇది ఇతనికి ఎవరు చెప్పారు అని అడగండి. చివరి భాగాల్లో ఎడ్వర్డ్, లియొనోరా, నాన్సీ ఆ ఇంట్లో ఒకరినొకరు కాల్చుకుతిన్న వారాలను డోవెల్ పూస గుచ్చినట్టు వర్ణిస్తాడు, రాత్రి ఎవరు ఎవరి గది తలుపు దగ్గరకు వెళ్లారో, ఆ సమయాన మనసులో ఏమనుకున్నారో సహా. అప్పుడతడు అమెరికాలో ఫ్లోరెన్స్ ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టుకుంటున్నాడు. ఎడ్వర్డ్ కొంత చెప్పాడు, లియొనోరా చాలా చెప్పింది, ఇద్దరికీ తమ తమ లెక్కలున్నాయి. నాన్సీ వైపు కథ చెప్పవలసిన నాన్సీ ఇప్పుడు మాట్లాడే స్థితిలో లేదు. మార్జిన్‌లో పెన్సిలుతో ఎ, లి, డో అని గుర్తులు పెట్టుకుంటూ పోండి. ‘డో’ అని రాయాల్సిన చోట్లు మీరు అనుకున్నదానికన్నా చాలా తక్కువ వస్తాయి. అతడు స్వయంగా అక్కడ ఉండి చూసిన సన్నివేశాల్లోనే ‘నాకు తెలియదు’ అన్న మాట ఎక్కువగా దొరుకుతుంది.